కోరంగివారి దీవి



ఈ శీర్షికయందు ఇంతవరకు తీర్థములను గూర్చియు, కోటలను గూర్చియు, నదీతీరములను గూర్చియు చెప్పుకొంటిమి. ఈ మాసమున సముద్రము దాటుదము. మేముండు మంచాల గ్రామమునకు సముద్రము బహుదూరము. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు నిండిన సంవత్సరమున గట్టుపై నిలిచి ఆవలి యొడ్డును వెదకుటయే ఇచ్చటివారికి సముద్రదర్శనము. సుందరకాండ పారాయణము చేయు ఇల్లాండ్రకు ద్వీపమనగానే లంకయు, సముద్రమనగానే నూరు యోజనములును తలపునకు వచ్చును. కాని మన తెలుగువారిలో చదువుసంధ్యలు లేని నిరుపేదలు, ఏ మహిమయు తోడులేక, చేతిమూటతో, లంకకన్న ఎన్నో రెట్లు దూరమున నున్న దీవికి పోయి అచ్చట కాపురములు నిలుపుకొనిరి. అది హిందూమహాసముద్రము నందలి మారిషస్ దీవి. ఆ దీవికి విహారార్థము పోవువారు నేడు మన పట్టణములలోను పెక్కుమంది కలరు. వారు తెచ్చి చూపు ఛాయాచిత్రములలో తెల్లని యిసుకయు, నీలిజలమును కానవచ్చును. ఆ యిసుకపై మొదట అడుగిడిన మనవారి జాడ మాత్రము కానరాదు. ఆ జాడను వెదకుచు దీవిచుట్టు ఒకసారి తిరిగి వత్తము.

మొదట దీవి స్వరూపము. ఆఫ్రికాఖండమునకు తూర్పుగా, మడగాస్కరునకు ఆవల, మకరరేఖకు కొంచె మీవలగా ఇది యున్నది. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు. మా రంగారెడ్డి జిల్లాలో సగమైనను లేదు. అగ్నిపర్వతములు కక్కిన నల్లరాతితో ఏర్పడిన నేల. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే మనకు ఎండలు మండునపుడు వారికి చలికాలము వచ్చుచుండును. డచ్చివారు 1598లో ఇచ్చట దిగి తమ రాకుమారుడైన మారిస్ పేర దీవికి నామకరణము చేసిరి. రెక్కలుండియు ఎగురలేని డోడో పక్షి ఈ దీవిలోనే యుండెడిది. మనుష్యులు వచ్చిన నూరేండ్లలోపలనే దాని వంశము నశించెను. డచ్చివారు 1710లో విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారును, 1810లో ఆంగ్లేయులును దీవిని గైకొనిరి. 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రరాజ్యమైనది.

మనవారు అచ్చటికి పోయిన కారణము చెఱకుతోట. ఫ్రెంచివారి కాలమునుండి తోటలలో ఆఫ్రికా, మడగాస్కరు దేశములనుండి తెచ్చిన బానిసలు పని చేయుచుండిరి. 1835 ఫిబ్రవరి 1న ఆ దీవిలో బానిసత్వము రద్దయ్యెను. తోటల యజమానులు దానికి ముందుగనే హిందూదేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2న 'అట్లాస్' అను ఓడలో ముప్పదియార్గురు కూలీలు పోర్ట్ లూయీ రేవున దిగిరి. ఒడంబడిక యేమన: అయిదేండ్లు పని, నెలకు అయిదు రూపాయల జీతము, బియ్యము, పప్పు, ఉప్పు మొదలగు గ్రాసము. ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల జీతము కోయుదురు. అప్పటినుండి 1920 ప్రాంతమువరకు ఇంచుమించు నాలుగున్నర లక్షలమంది ఆ దీవికి పోయిరి. వారిలో మూడింట రెండువంతులవారు మరల రాలేదు.

వీరిలో తెలుగువారు గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములవారు. గోదావరి సముద్రమును కలియుచోట, కాకినాడకు దక్షిణముగా కోరంగి యను రేవు కలదు. ఒకప్పుడు ఓడలు కట్టుటకును, మరమ్మతు చేయుటకును తూర్పుతీరమున అంతటి పేరుగల తావు మరియొకటి లేకుండెను. 1789లోను 1839లోను వచ్చిన గాలివానలకు సముద్రము పొంగి ఊరిని ముంచివేసెను. రెండవ దెబ్బతో రేవు వైభవము తగ్గిపోయెను. నేడు కోరంగి యనిన మడ అడవులును, వానిలో విహరించు పక్షులును జ్ఞప్తికి వచ్చును గాని ఓడలు కావు. అయినను ఆ పేరు సముద్రమున కావల చెడక నిలిచినది. 1843లో 'కోరంగి పాకెట్' అను ఓడ మనవారిని మారిషస్ చేర్చినది. ఆ దీవిలో తెలుగువారిని చిరకాలము కోరంగివారనియే పిలిచిరి. గాలివాన తుడిచివేసిన ఊరు తన పేరును బిడ్డలకు ఇంటిపేరుగా ఇచ్చి పంపినట్లున్నది.

ఇక దీవిలో అడుగిడుదము. రాజధానియైన పోర్ట్ లూయీ వాయవ్యతీరమున నున్నది. దీనిని పట్టణముగా తీర్చినవాడు 1735లో దీవికి అధికారిగా వచ్చిన లాబూర్దొనె. 1746లో ఆంగ్లేయులనుండి చెన్నపట్టణమును పట్టుకొన్నవాడు ఇతడే. పాత భవనములు, సంత, కొండపై కోట, 1812నుండి సాగుచున్న గుఱ్ఱపుపందెముల మైదానము చూడదగినవి. కాని మన దేశపు స్త్రీలు మొట్టమొదట పోవలసినది రేవునొద్ద నున్న ఆప్రవాసీ ఘాట్. 1849లో దొరతనమువారు ఇచ్చట కూలీలను దింపు బసను కట్టించిరి. వచ్చినవారిని రెండు దినములు ఇచ్చట నిలిపి, వైద్యులచే పరీక్షింపజేసి, తోటలకు పంచెడివారు. నేడు మిగిలినది కొంతభాగము మాత్రమే: నల్లరాతి గోడలు, కొన్ని గదులు, నీటియంచునుండి పైకి వచ్చు మెట్లు. దానికి కూలీఘాట్ అని యుండిన పేరును 1987లో ఆప్రవాసీ ఘాట్ అని మార్చిరి. 2006లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయైన యునెస్కో దానిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించినది. ప్రతివత్సరము నవంబరు 2వ దినమున దీవియంతయు సెలవు పాటించి ఆ మెట్లను స్మరించును.

దిగిన ప్రతివ్యక్తికి ఒక సంఖ్య ఇచ్చెడివారు. పేరు, తండ్రిపేరు, ఊరు, కులము, వయస్సు, శరీరముపై గల పుట్టుమచ్చలు పుస్తకములలో వ్రాసెడివారు. 1860ల దశకమునుండి ఛాయాచిత్రములను గూడ తీసిరి. ఆ పుస్తకములు నేడు మోకా గ్రామమునందలి మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. మునిమనుమలు వచ్చి తమ పూర్వుల ఊరుపేరును వానిలోనే వెదకుకొందురు. వ్రాసిన గుమాస్తాకు తెలుగు రాదు. చెవికి సోకినది వ్రాసినాడు. అందుచే నొకే ఊరు పదివిధములుగా కానవచ్చును. అయినను మన రాముడు 'రామ్‌డు'గా, అప్పడు 'అప్పదూ'గా మారి నేటికిని అచ్చట ఇంటిపేర్లయి వెలయుచున్నారు. ఆ చివరి 'డు' వినగానే వారు తెలుగుబిడ్డలని చెప్పవచ్చును.

స్త్రీల మాట వేరుగ చెప్పవలెను. మొదటి ఓడలలో స్త్రీలు బహుకొద్దిమంది. పురుషులు అయిదేండ్లలో తిరిగిపోవుదురనియే అందరును తలచిరి. 1850ల దశకమున, ఓడ యొక్కింటికి ఇంతమంది స్త్రీలు తప్పక యుండవలెనని దొరతనమువారు నియమము చేసిరి. అది దయతో చేసినది కాదు. కాపురము లేనివాడు తోటలో నిలువడని లెక్క చూచి చేసినది. కాని ఆ లెక్కకు అందని పని యొకటి జరిగెను. స్త్రీ వచ్చుటతో బస ఇల్లయ్యెను. ఇంట పొయ్యి వెలిగెను, వాకిట తులసి వచ్చెను, పండుగ వచ్చెను, జోల వచ్చెను. భాష సముద్రము దాటినది ఓడలోనే గాని, నేలలో వేరూనినది వంటింటిలోనే.

పోర్ట్ లూయీనుండి ఉత్తరముగా పోయిన తీరపు కొసను కాప్ మలెరో అందురు. దౌర్భాగ్యపు అగ్రమని ఆ మాటకు అర్థము. ఎఱ్ఱని కప్పుగల చిన్న దేవాలయము, దాని వెనుక నీలిసముద్రము, దూరమున చిన్న లంకలు. క్రైస్తవుల యీ దేవాలయమును చిత్రింపని చిత్రకారుడు లేడు. 1810 నవంబరు చివర ఆంగ్లేయుల సేనలు ఈ ప్రాంతమున దిగినవి. ఆ సేనలో చెన్నపట్టణపు సిపాయిలును గలరు. అనగా కూలీలకు ముందే మన దక్షిణదేశపు బంట్లు తుపాకి పట్టుకొని ఈ యిసుకలో నడచిరి. డిసెంబరు 3న ఫ్రెంచివారు లొంగిపోయిరి.

అచ్చటినుండి తూర్పుతీరము వెంబడి దిగివచ్చిన పూద్ర్ దోర్ అను పల్లె తగులును. 'బంగారుపొడి' యని దాని పేరునకు అర్థము. 1744లో 'సాం-జెరాన్' అను ఓడ ఈ తావుకు సమీపమున పగడపుదిబ్బకు కొట్టుకొని మునిగెను. ఆ వృత్తాంతమును గైకొని బెర్నార్దెన్ ద సేం-పియేర్ అను ఫ్రెంచి రచయిత 1788లో పాల్, వర్జీనియాల ప్రేమకథను వ్రాసి ఐరోపాఖండమంతయు కన్నీరు పెట్టించెను. ఆ కన్నీరు ఒడ్డున పనిచేయువారిని గూర్చినది కాదు. ఆ లోటు తీర్చినది తెలుగు కూలీల వంశమున పుట్టిన స్త్రీ. ఆమె పేరు నతాషా అప్పన్న. 1973లో మాహెబూర్గ్ పట్టణమున జన్మించినది. హిందూదేశమునుండి వచ్చిన కూలీల కథను ఫ్రెంచిభాషలో నవలగా వ్రాసి, దానికి ఈ పల్లెపేరే పెట్టి 2003లో ప్రచురించినది. 2023లో ప్రచురించిన మరియొక గ్రంథమున, 1872లో ఆ దీవిని చేరిన తన పూర్వులను గూర్చియే వ్రాసినది. తెలుగులో వ్రాయలేదు, తెలుగువారి కథ వ్రాసినది. ఈ మాటను సోదరీమణులు జ్ఞాపకముంచుకొన వేడెదము. దీనిని గూర్చి కడపట మరల చెప్పుదుము.

ఆగ్నేయమూలనున్న మాహెబూర్గ్ రేవును 1800 తరువాత ఫ్రెంచివారు కట్టి, వెనుకటి లాబూర్దొనె పేర మాహె పట్టణమనిరి. దాని ఎదుటి జలములలో 1810 ఆగస్టులో గొప్ప నావికాయుద్ధము జరిగినది. అందు ఫ్రెంచివారు గెలిచిరి. ఇరుపక్షముల నాయకులు, ఆంగ్లేయుడైన విల్లోబీయు, ఫ్రెంచివాడైన దుపెర్రేయు, గాయపడగా ఒక్కయింటనే ఇద్దరికిని చికిత్స చేసిరి. ఆ యిల్లు నేడు ప్రదర్శనశాల. పగలెల్ల చంపుకొని రాత్రి ఒకే కప్పుక్రింద మూల్గిన ఆ యిద్దరిని తలంచిన, మన భారతమున యుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుని చెంతకు చేరిన పాండవులు జ్ఞప్తికి వత్తురు.

వంటపై మక్కువగల సోదరీమణులకు మాహెబూర్గ్‌లో మరియొక విశేషము కలదు. సోమవారపు సంత ప్రసిద్ధము. 1870నుండి ఒక కుటుంబమువారు కర్రపెండలపు పిండితో బిస్కట్లు చేయుచున్నారు. దుంపను తురిమి, పిండి, ఎండబెట్టి, జల్లించి, అచ్చులలో పోసి పెనముమీద కాల్తురు. పెనముక్రింద మండునది ఎండిన చెఱకాకు. తోటలో వ్యర్థమైనది వంటింటిలో సార్థకమగుట మనకు క్రొత్తగాదు. మా యూర కందికట్టెయు అట్లే పొయ్యి చేరును. వీధులలో అమ్ము 'గాతో పిమాఁ' అనునది మన పప్పువడకు చుట్టమే.

ఈ పట్టణపు చేరువనే బ్లూ బే అను తీరమున పగడపు తోటలు కలవు. 2020 జూలై 25న 'వకాషియో' అను పెద్ద ఓడ ఈ ప్రాంతపు దిబ్బకు తగిలి ఆగిపోయెను. ఆగస్టు మొదటివారమున అది పగులగా సుమారు వేయి టన్నుల నూనె నీటిలో కలిసెను. అప్పుడు ఊరిజనము ఎవరి ఆజ్ఞకును వేచియుండలేదు. గుడ్డసంచులలో చెఱకాకును కూరి, కుట్టి, త్రాళ్లుగా పేర్చి నీటిపై వేసిరి. వెండ్రుక నూనెను పీల్చునని విని తలవెండ్రుకలు కత్తిరించి యిచ్చినవారును గలరు. వేలకొలది చేతులు రాత్రింబగళ్లు కుట్టినవి. చెఱకు తమ పూర్వులకు చెమటయు కన్నీరును తెచ్చిన పైరు; ఆ పైరు ఆకుతోనే తమ తీరమును కాపాడుకొనిరి.

సముద్రతీరములను గూర్చి కొంత శాస్త్రము. మన తూర్పుతీరపు యిసుక గోదావరి, కృష్ణ మొదలగు నదులు కొండరాళ్లను అరగదీసి తెచ్చినది. కావున గోధుమవన్నెగా నుండును. మారిషస్ యిసుకలో చాలభాగము పగడములు, గవ్వలు పొడియైనది, కావుననే తెల్లన. దీవిచుట్టు ఇంచుమించుగా పగడపుదిబ్బ కోటగోడవలె నున్నది. పెద్ద కెరటము అచ్చటనే విరుగును. గోడకును ఒడ్డుకును నడుమ నీరు చెరువువలె నిశ్చలముగా నుండును. దక్షిణమున సూయాక్ పట్టణముచేరువ గ్రీ-గ్రీ అనుచోట మాత్రము ఈ గోడ తెగినది. అచ్చట సముద్రము నల్లని రాతికొండను నేరుగా మోదుచుండును. చూచుటకు గంభీరమేగాని దిగుట ప్రాణాపాయము. నైరుతిమూల లె మోర్న్ అను ఒంటికొండ సముద్రములోనికి చొచ్చుకొనియున్నది. యజమానులనుండి పారిపోయిన బానిసలు దాని గుహలలో దాగెడివారు. స్వాతంత్ర్యవార్త చెప్పుటకు వచ్చిన రక్షకభటులను పట్టుకొనుటకు వచ్చినవారని భ్రమించి కొందరు కొండపైనుండి దుమికిరని జనులు చెప్పుకొందురు. 2008లో ఈ కొండయు వారసత్వస్థలమైనది. దాని పాదమున నేడు విలాసపు హోటళ్లున్నవి.

ఆ హోటళ్లను గూర్చి దీవివారిలో వాదము కలదు. తీరమువెంబడి సుమారు 81 మీటర్ల వెడల్పుగల నేల సర్కారుదని ఫ్రెంచివారి కాలమునుండి వచ్చిన నియమము. దానిని హోటళ్లకును, ధనికుల బంగళాలకును కౌలుకిచ్చుచున్నందున, ఆదివారము బిడ్డలతో వంట మూటగట్టుకొని వచ్చు సామాన్యుల కుటుంబములకు తావు తగ్గుచున్నదని అచ్చటి ప్రజలు పలుమారు మొరపెట్టిరి. మీలో ఎవరికైన పోవు భాగ్యము కలిగినయెడల ప్రజల తీరములకును పోయి వారితో కలిసి కూర్చుండుడు. మే మాసమునుండి నవంబరువరకు మంచి కాలము; తరువాత గాలివానలు రావచ్చును. నీటిలో పాదరక్ష వదలరాదు, పగడము కోయును. మీరును పగడమును త్రొక్కరాదు, విరువరాదు. అది రాయి కాదు, ప్రాణుల గూడు.

ఇక కడపటి మాట. మారిషస్‌లో ఉగాది సర్కారు సెలవుదినము. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపముచుట్టు తిరుగుచు పాడు రామభజనము నేటికిని జరుగుచున్నవి. అప్పన్న పేరు వినగానే వారి పూర్వులు ఏ కొండక్రిందివారో మనకు తెలియును. ఆంధ్ర మహాసభ 1940ల దశకమునుండి కలదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. బడులలో కోరినవారికి తెలుగు నేర్పుదురు. ఇంత యున్నను ఇంటిలో తల్లియు బిడ్డయు మాటలాడుకొనునది క్రియోల్ భాష. తెలుగు పండుగనాటి పట్టుచీరయైనది. నిత్యము కట్టునది వేరు. వారిని నిందింపజాలము. తోటలో మేస్త్రి భాష యొకటి, యజమాని భాష యొకటి, ప్రక్కగుడిసె భాష వేరొకటి. ఆ స్థితిలో నూరేండ్లకుపైగా కొంతయైనను నిలుపుకొనుటయే ఘనత.

మనకు మాత్రము ఆ కష్టములేవియు లేవు. సముద్రము దాటలేదు, మేస్త్రి కొరడా లేదు. అయినను మా యూరి పిల్లలు పట్నపు బడికి బండి యెక్కిపోయి, సాయంకాలము వచ్చి అంకెలు తెలుగులో చెప్పలేకున్నారు. అరువదితొమ్మిదియో డెబ్బదితొమ్మిదియో తెలియక తల్లి ముఖము చూతురు. ఆ తల్లియు నవ్వి ఊరకుండును. అత్త, పిన్ని, మేనత్త అను మూడు చుట్టరికములును ఆంటీ యను నొక్కమాటలో మునిగినవి. కోరంగిని ముంచుటకు సముద్రము పొంగవలసి వచ్చెను. మన యింటి మాట మునుగుటకు మన నవ్వు చాలును.

పరభాషలు వలదని మేమనము. నతాషా అప్పన్న ఫ్రెంచిలో వ్రాయుటచేతనే మనవారి కథ లోకమునకు తెలిసినది. బిడ్డలు ఎన్నిభాషలైన నేర్తురు గాక. మనము చేయదగినవి రెండు పనులు కలవు. రెంటికిని కాసు ఖర్చు లేదు. ఒకటి: భోజనమువేళ, నిద్రవేళ బిడ్డతో శుద్ధముగా తెలుగున మాటలాడుట. బడి అక్షరము నేర్పగలదు. మాట నేర్పునది ఇల్లే. రెండవది: ఇంటిలోని పెద్దలను అడిగి తాతముత్తాతల పేర్లను, ముఖ్యముగా అమ్మమ్మల, నాయనమ్మల, వారి తల్లుల పేర్లను, వారి పుట్టినయూళ్లను ఒక పుస్తకమున వ్రాసియుంచుట. మా ప్రాంతమునుండియు బ్రతుకుతెరువునకు బొంబాయికిని, గల్ఫు దేశములకును పోయిన యిండ్లు కలవు. వారి పేర్లును ఊళ్లును గూడ చేర్పుడు. మారిషస్ బిడ్డలకు ఆ పేర్లను గుమాస్తా వ్రాసి యుంచెను, తప్పులతో, సంఖ్యలతో. మన బిడ్డలకు మనమే వ్రాసి యుంచుదము, తప్పులు లేక, మన చేవ్రాలుతో.